ఐరీన్ చేతికి తుపాకీ ఎవరిచ్చారు?

షెర్లాక్ హోమ్స్ అభిమానులు గీసే బొమ్మల్లో ఒక రకం తరచూ కనిపిస్తుంది. మధ్యలో ఎర్ర గౌనులో ఐరీన్ ఆడ్లర్, చేతిలో తుపాకీ. ఆమె వెనక నీడలో హోమ్స్. ఒక మూల టీ ట్రేతో హోమ్స్ ఇంటి యజమానురాలు మిసెస్ హడ్సన్, ఇంకో మూల పెళ్లి ముసుగులో హోమ్స్ స్నేహితుడు వాట్సన్ పెళ్లాడే మేరీ. బొమ్మతో పాటే ఒక మాట కూడా తిరుగుతుంది: హోమ్స్ మనసిచ్చిన ఏకైక స్త్రీ ఐరీన్, ఆమె రాజునే బ్లాక్‌మెయిల్ చేసిన మాయలాడి, హోమ్స్‌కి ఆడవాళ్లంటే గిట్టదు కాబట్టి మిగతావాళ్లు కథలో ఉన్నా లేనట్టే. పైగా "అసలు కథల్లోనే ఉంది, చదువుకోండి" అని ఒక సవాలు.

సరే, చదువుదాం.

ముందు ప్రేమ సంగతి. కానన్ డాయిల్ రాసిన నాలుగు హోమ్స్ నవలలు, 56 కథల్లో ఐరీన్ స్వయంగా కనిపించేది ఒక్క కథలో, 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా'లో. అది 1891 జులైలో స్ట్రాండ్ పత్రికలో వచ్చింది. హోమ్స్‌కి ఆమె ఎప్పుడూ "ఆ స్త్రీ"యే అన్న మొదటి వాక్యం అందరికీ కంఠస్థం. నాలుగో వాక్యం దాకా ఎవరూ వెళ్లరు. హోమ్స్‌కి ఆమె మీద ప్రేమలాంటిదేమీ లేదని కథ చెప్పే వాట్సన్ అక్కడే తేల్చేస్తాడు. అదే కథలో ఆమె గాడ్‌ఫ్రీ నార్టన్ అనే లాయర్‌ని పెళ్లాడుతుంది. సాక్షిగా నిలబడింది ఎవరనుకున్నారు? గుర్రాలు చూసుకునే పనివాడి వేషంలో ఉన్న హోమ్సే! పెళ్లికూతురు చేతిలో పెట్టిన బంగారు నాణేన్ని గడియారం గొలుసుకు తగిలించుకుంటానంటాడు. దీన్ని కూడా విరహం ఖాతాలో వేసేవాళ్లున్నారు. నాకైతే అందులో సరదానే కనిపిస్తుంది.

బ్లాక్‌మెయిల్ అన్నదాంట్లో సగం నిజముంది. బొహీమియా రాజు నిశ్చితార్థం ప్రకటించే రోజున, తామిద్దరూ కలిసి దిగిన ఫొటోని పెళ్లికూతురి వాళ్లకి పంపిస్తానని ఆమె బెదిరించిందని రాజే చెబుతాడు. కానీ ఆమె డబ్బు అడగలేదు, కొంటామన్నా అమ్మదని కూడా ఆయనే ఒప్పుకుంటాడు. మరి ఆ రాజుగారి నిర్వాకం ఏమిటి? రెండుసార్లు కిరాయి దొంగల చేత ఆమె ఇల్లు గాలింపించాడు, ఒకసారి ప్రయాణంలో సామాను దారి మళ్లించాడు, రెండుసార్లు దారికాచి అడ్డగింపించాడు. చట్టం మీరడానికి అభ్యంతరం లేదు కదా అని హోమ్స్ వాట్సన్‌ని ముందే అడిగి మరీ, ఆ ఫొటో ఎక్కడ దాచిందో కనిపెట్టడానికి ఆమె ఇంట్లోకి పొగబాంబు వేయిస్తాడు. ఇంతమందిలో దొంగ ఆమె ఒక్కతేనా?

ఇంతకీ కథలో ఆమె తుపాకీ పట్టుకోదు. దుష్ట మేధావి మోరియార్టీకి ఆమె పనిచేసిందన్నది కూడా తర్వాత తెరమీదికి తెచ్చినవాళ్లు అల్లిందే. కథలో ఆమె ఆయుధం నటన. ఒపెరా గాయని, మగవేషం ఆమెకు కొత్త కాదు. పాదిరీ వేషం వేసుకొచ్చిన హోమ్స్ మీద అనుమానం రాగానే కుర్రాడిలా తయారై హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్ దాకా వెంటపడుతుంది. హోమ్స్ గుమ్మం ముందు తాళం కోసం జేబులు తడుముకుంటుంటే, పక్కనుంచి పోతూ "గుడ్ నైట్, మిస్టర్ షెర్లాక్ హోమ్స్" అనేసి వెళ్లిపోతుంది. ఆ గొంతు ఎక్కడో విన్నానే అనుకుంటాడు గానీ ఎవరిదో పోల్చుకోలేడు. తెల్లారేసరికి పక్షి ఎగిరిపోయింది. ఎర్ర గౌనులో ఈ దృశ్యం ఎలా ఇముడుతుంది? గీయాల్సింది కోటూ టోపీలో ఉన్న కుర్రాడిని కదా.

ఇక ఆడవాళ్లంటే గిట్టదన్న మాట. ఆడవాళ్లను హోమ్స్ నమ్మడని వాట్సన్ రాసిన మాట నిజమే. అదే పేరాలో వాళ్లతో ఎంత మృదువుగా, మర్యాదగా ఉంటాడో కూడా రాశాడు. అది వదిలేస్తే ఎలా? మేరీ మోర్స్టన్‌ని పెళ్లాడబోతున్నానని వాట్సన్ చెప్పినప్పుడు అభినందించలేనన్నాడు గానీ, డిటెక్టివ్ పనికి ఆమె బుర్ర భలే పనికొచ్చేదని మెచ్చుకున్నాడు.

టీ ట్రేకి అతికించేసిన మిసెస్ హడ్సన్ సంగతి చూడండి. 1903 నాటి కథలో హోమ్స్‌ని చంపడానికి కల్నల్ మోరన్ ఎదురింట్లోంచి గురిపెడతాడు. కిటికీలో ఉన్నది హోమ్స్ మైనపు బొమ్మ. అది కదలకపోతే మోరన్‌కి అనుమానం రాదూ? అందుకే పావుగంటకోసారి, తన నీడ తెర మీద పడకుండా, మోకాళ్ల మీద పాకి వచ్చి ఆ బొమ్మని తిప్పింది మిసెస్ హడ్సన్. తూటా ఏ క్షణాన వస్తుందో తెలియదు. చివరికి వచ్చింది, బొమ్మ తల చీల్చుకుంటూ పోయింది. తర్వాత దాన్ని కార్పెట్ మీంచి ఏరి తెచ్చిందీ ఆవిడే.

హోమ్స్‌ని తిట్టాలనుకుంటే దానికీ చోటుంది. 1904లో వచ్చిన మిల్వర్టన్ కథలో, ఆ బ్లాక్‌మెయిలర్ ఇంటి గుట్టు రాబట్టడానికి ప్లంబర్ వేషంలో వెళ్లి, పనిమనిషి అగాథాతో పెళ్లి ఖాయం చేసుకుంటాడు. వాట్సన్ కంగారుపడితే తేలిగ్గా కొట్టిపారేస్తాడు. ఆ అమ్మాయి తర్వాత ఏమైందో కథ చెప్పదు. నాకు హోమ్స్ మీద నిజంగా కోపం వచ్చేది అక్కడే. అగాథా బొమ్మ మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు.

తుపాకీ గీయాలని చెయ్యి మరీ దురదపెడితే అదే కథలో దొరుకుతుంది. మిల్వర్టన్ చేతిలో జీవితం నాశనమైన ఒక స్త్రీ రాత్రిపూట అతని గదికి వచ్చి, ముసుగు తీసి, ఎదురుగా నిలబడి కాలుస్తుంది. వాట్సన్‌తో కలిసి ఆ ఇంట్లో దొంగచాటుగా దూరి, కర్టెన్ వెనక దాక్కుని అంతా చూసిన హోమ్స్, ముందుకు దూకబోయిన వాట్సన్ చెయ్యి పట్టి ఆపేస్తాడు. మర్నాడు పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్ సాయం అడిగితే, ఈ కేసు నేను పట్టుకోను, నా సానుభూతి నేరస్తుల వైపే ఉందంటాడు. ఆ స్త్రీ పేరు కథ ముగిసినా బయటపడదు.