వంకర పాదం: కట్టు విప్పాకే అసలు వైద్యం

చివరి సిమెంటు కట్టు విప్పిన రోజు ఆ ఇంట్లో పండగే. పుట్టినప్పుడు లోపలికి మెలితిరిగి, అరికాలు రెండో కాలి వైపు చూస్తున్న పాదం ఇప్పుడు తిన్నగా, కాస్త బయటికే తిరిగి ఉంటుంది. గండం గడిచిందనుకుంటారు. నిజానికి సగం పనే అయింది.

సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి వచ్చే లోపమిది. మగపిల్లల్లో రెట్టింపు. దాదాపు సగం మందికి రెండు పాదాలూ వంకరే. తల్లి ఏదో చేయడం వల్ల వచ్చేది కాదు. ఒకప్పుడు కీళ్ల చుట్టూ కోసి వదులు చేసే పెద్ద ఆపరేషన్‌నే నమ్ముకునేవారు. పాదం చూపుకి బాగానే ఉండేది గానీ, పెద్దయ్యాక చాలామందికి బిగుసుకుపోయి నొప్పి పెట్టేది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు ఇగ్నాసియో పోన్సెటీ దీనికి వేరే దారి చూపించాడు: పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ అది అలాగే నిలిచేలా సిమెంటు కట్టు వేయడం. 1963లో ఫలితాలు ప్రచురించినా మూడు దశాబ్దాలు తోటి డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. 1990ల చివర్లో తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకున్నాకే ఊపందుకుంది.

పసిపాదంలో ఎముకలు చాలావరకు ఇంకా గట్టిపడని మృదులాస్థే కాబట్టి వంచితే వంగుతాయి. అయితే ఎటు వంచాలన్న దాంట్లోనే ఉంది కిటుకు. లోపలికి తిరిగిన పాదాన్ని చూస్తే ఎవరికైనా బయటికి తిప్పేయాలనిపిస్తుంది. పోన్సెటీ పద్ధతిలో ముందు బొటనవేలి మొదట్లోని ఎముకను పైకెత్తి, అరికాలి గుంటను సరిచేస్తారు. ఆ తర్వాత చీలమండ ముందు, బయటివైపు తగిలే గుండ్రటి ఎముక మీద బొటనవేలు ఆనించి, పాదాన్ని నెమ్మదిగా బయటికి తెస్తారు. మడమను మాత్రం ముట్టుకోరు. మిగతాది సర్దుకుంటే అదే తిరుగుతుంది. అంతకుముందు వాడుకలో ఉన్న కైట్ పద్ధతిలో వేలు వేరే చోట నొక్కడంతో మడమ కదలక, కట్లు నెలల తరబడి సాగేవి. ఇక్కడ వారానికొకటి చొప్పున అయిదారు చాలు. మోకాలు మడిచి, తొడ దాకా వేస్తారు. మోకాలి కింది వరకే వేస్తే జారిపోతుంది. వేళ్లు కట్టులోపలికి వెళ్లిపోయి కనిపించకపోతే, జారిందని గుర్తు. అప్పుడు వెంటనే తీయించాలి.

దీన్ని కోత లేని వైద్యమంటారు గానీ, ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఎక్కువమందికి మడమ వెనక నరం కోయాల్సి వస్తుంది. మన భాషలో రక్తనాళమూ నరమే, నాడీ నరమే, కండను ఎముకకు కట్టే స్నాయువూ నరమే. అందుకే ఆ మాట వినగానే బిడ్డ కాలు పడిపోతుందని తల్లిదండ్రులు హడలిపోతారు. కోసేది స్నాయువును. మత్తు సూది ఇచ్చి, సన్నటి గాటుతో కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. మూడు వారాల కట్టులో అది మళ్లీ అతుక్కుంటుంది, ఈసారి పొడుగ్గా.

ఇక బూట్లు. ఒక కడ్డీకి బిగించిన జత. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రపోయే వేళల్లో. పాదాన్ని లోపలికి లాగే గుణం ఎదిగే తొలి ఏళ్లలో పోదు, అందుకే ఇంతకాలం. బూట్లు మానేసిన పిల్లల్లో వంకర తిరిగొచ్చే అవకాశం చాలా ఎక్కువ. వస్తే మళ్లీ కట్లు, కాస్త పెద్ద పిల్లలకైతే ఒక్కోసారి వేరే స్నాయువును చోటు మార్చే ఆపరేషన్.

అప్పుడు నింద తల్లిదండ్రులదే అవుతుంది. నాకది అన్యాయమనిపిస్తుంది. కట్టు వేసేటప్పుడు డాక్టరు చేయి ప్రతి వారం పాదం మీద ఉంటుంది. నాలుగేళ్ల బూట్ల సంగతి మాత్రం గుమ్మం దగ్గర రెండు ముక్కల్లో చెప్పి పంపేస్తారు. మొదటి రాత్రి బిడ్డ ఏడుస్తుంది. కడ్డీ ఉంటే ఒక్కో కాలూ విడిగా ఆడదు, రెండూ కలిపి తన్నడం నేర్చుకోవాలి. ఆ కడ్డీ పట్టుకుని మోకాళ్లు మడిచి చాపుతూ ఆడిస్తే రెండు మూడు రోజుల్లో అలవాటు పడుతుందని చెప్పేవాళ్లుంటే, ఎంతమంది అర్ధరాత్రి బూట్లు విప్పేస్తారు? బూట్లు ఇచ్చే రోజున వాటిని అమ్మానాన్నల చేతే రెండు మూడుసార్లు తొడిగించి, మడమ అడుగుదాకా దిగిందో లేదో వాళ్ల వేలితోనే తడిమించి పంపాలి. అందుకు పట్టేది పావుగంట.