చెమ్మ గోడల కౌన్సిలర్

రిచీ టోరెస్ గురించి ఎవరు రాసినా మొదటి వాక్యం ఒకటే ఉంటుంది: తాను గేనని దాచుకోకుండా పోటీచేసి, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం నుంచి చట్టసభకు నెగ్గిన తొలి వ్యక్తి. నిజమే, అది చిన్న సంగతేమీ కాదు. కానీ 2013లో పాతికేళ్ల వయసులో న్యూయార్క్ సిటీ కౌన్సిల్‌కు గెలిచిన ఈ ఆఫ్రో-లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న నల్లజాతి) నాయకుడి ఏడేళ్ల పనిని తూచాలంటే, ముందు ఆయన పెరిగిన ఇంటి గోడలు చూడాలి.

థ్రాగ్స్ నెక్ హౌసెస్ అనే ప్రభుత్వ క్వార్టర్లలో ఒంటరి తల్లి ముగ్గురు పిల్లల్ని పెంచింది. కారే కప్పు, బూజు పట్టిన గోడలు, చలికాలంలో పనిచేయని హీటింగ్. అక్కడికి దగ్గర్లోనే నగరం పది కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనం పోసి గోల్ఫ్ కోర్సు కట్టించి, నడుపుకోమని ట్రంప్ కంపెనీకి అప్పగించింది. టోరెస్ కాలేజీ చదువు మధ్యలోనే ఆగింది. డిప్రెషన్‌తో చనిపోదామనుకున్న రోజులున్నాయని తర్వాత ఆయనే చెప్పారు. ఓట్లడిగే మనిషికి గేనని చెప్పడం ఎంత కష్టమో, ఈ మాట చెప్పడమూ అంతే కష్టం.

మన కార్పొరేటర్ దగ్గరికి డ్రైనేజీ గోడుతో వెళ్లినట్టే అక్కడా జనం కౌన్సిలర్ దగ్గరికి పైపులు, బాయిలర్ల గొడవతో వస్తారు. టోరెస్ కోరుకుని పట్టుకున్న పని కూడా అదే. కౌన్సిల్‌లో పబ్లిక్ హౌసింగ్ కమిటీకి అధ్యక్షుడయ్యారు. నగర హౌసింగ్ అథారిటీ ఇళ్లలో ఉండేది నాలుగు లక్షల మంది దాకా. సీసం కలిసిన పాత పెయింట్ పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఆ ఇళ్లలో ఈ పెయింట్ కోసం చేయాల్సిన తనిఖీలను అథారిటీ అధికారులు చేయకుండానే చేసినట్టు కాగితాలు పంపారని 2017లో నగర దర్యాప్తు విభాగం తేల్చింది. గుట్టు విప్పింది టోరెస్ కాదు. అయితే ఆ అధికారులను కౌన్సిల్‌లో నిలదీసిన వాడికి ఆ ఇళ్ల వాసన తెలుసు.

అలాగని అన్నిటికీ చప్పట్లు కొట్టలేం. అదే ఏడాది చివర్లో, పోలీసులు జనాన్ని ఆపినప్పుడు తమ పేరున్న కార్డు ఇవ్వాలనే బిల్లులో ఆయన పోలీసు శాఖతో రాజీపడ్డారు. వాహనాలు ఆపే సందర్భాలను వదిలేశారు. ఆ బిల్లు కోసం ఏళ్ల తరబడి పోరాడిన సంఘాలే చివరికి వద్దన్నాయి. అది తొందరపాటు రాజీ అని మా అభిప్రాయం.

సాటి కౌన్సిలర్ రూబెన్ డియాజ్ సీనియర్ కూడా లాటినోనే, పాస్టర్. కౌన్సిల్ స్వలింగ సంపర్కుల గుప్పిట్లో ఉందని 2019లో ఆయన అంటే, ఆయన అధ్యక్షుడిగా ఉన్న కమిటీనే కౌన్సిల్ రద్దు చేసింది. మరుసటేడు దక్షిణ బ్రాంక్స్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటుకు డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఇద్దరూ తలపడ్డారు. లాటినో ఓటంటే చర్చి చెప్పినట్టు పడే ఓటని లెక్కలేసిన వాళ్లకు టెన్షన్ తప్పలేదు. టోరెస్ నెగ్గారు, డియాజ్ మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు.

టోరెస్ కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్ వెళ్లిపోయారు. హౌసింగ్ అథారిటీ మీద 2019లోనే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పర్యవేక్షకుడు వచ్చాడు. అయినా 2024 ఫిబ్రవరిలో ఆ సంస్థకు చెందిన 70 మంది ప్రస్తుత, మాజీ ఉద్యోగులపై లంచం కేసులు పడ్డాయి. టెండర్ అక్కర్లేని చిన్నచిన్న రిపేరు పనులు ఇవ్వడానికే ఆ లంచాలు.