దొంగలా, పితూరీదారులా?

మీరు వేసిన వ్యాసంలో, తెల్లదొరల మీద పితూరీ (తిరుగుబాటు) చేసిన రంప మన్యం (గోదావరి కొండ ప్రాంతం) వాళ్లని ‘దోపిడీ ముఠాలు’ అని రాసేశారు. అది అప్పటి దొరల కాగితాల భాష. మాది కోనసీమ. గీత కార్మికుడు తెల్లారే చెట్టు దించిన కల్లు ముంత ఇంటి అరుగు మీద పెట్టి వెళ్లడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఆ కల్లు మీదే చిగురు పన్ను వేస్తే కొండోళ్లు ఊరుకుంటారా? 1879 పితూరీకి అదొక పెద్ద కారణం. 1882 అడవి చట్టం వచ్చాక పోడు (అడవి నరికి చేసుకునే సాగు) కొట్టుకోవడమే నేరమైపోయింది. అల్లూరి దండు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో కొట్టింది. తీసుకెళ్లిన తుపాకుల లెక్క రాసి మరీ వెళ్లారంటారు. దొంగలెవరైనా రసీదు ఇస్తారా అండీ? మన్యంలో అసలు దొంగలే లేరనను, దారి కొట్టేవాళ్లూ ఉండే ఉంటారు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి.