సవరణ: స్మార్ట్ ప్లగ్ ఆదా లెక్కలో నా పొరపాటు

కరెంటు బిల్లు తగ్గించుకోవడం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, ఇంట్లోని ప్రతి ఉపకరణానికీ స్మార్ట్ ప్లగ్ (ఫోన్ నుంచి వైఫై ద్వారా కరెంటు ఆపి, ఇవ్వగల ప్లగ్) పెడితే ఆదా ఖాయమని చెప్పాను. అది తప్పు. వైఫైతో నిరంతరం అనుసంధానమై ఉండడానికి ఆ ప్లగ్ తానే దాదాపు ఒక వాట్ వాడుకుంటుందన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఏ ఉపకరణమూ తగిలించని ప్లగ్‌ను ముట్టుకున్నప్పుడు గోరువెచ్చగా ఉండటంతో అనుమానం వచ్చి మళ్లీ లెక్క వేశాను. ఒక వాట్ చొప్పున ఏడాది పొడవునా నడిస్తే 8.76 యూనిట్లవుతుంది. ఫోన్ తీసేశాక గోడకు వదిలేసిన ఆధునిక చార్జర్ సాధారణంగా అర వాట్ కూడా లాగదు కాబట్టి, దానికి ఈ ప్లగ్ పెడితే ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు.

పాత సెట్‌టాప్ బాక్సు సంగతి వేరు. స్టాండ్‌బైలో (వాడకుండా ఆపి ఉంచినప్పుడు కూడా) 10 వాట్లు లాగే పెట్టెకు రోజూ రాత్రి 8 గంటలు కరెంటు పూర్తిగా ఆపేస్తే ఏడాదికి 29.2 యూనిట్లు మిగులుతాయి, అందులో ప్లగ్ వాడకం పోయినా 20 యూనిట్లకు పైగా నికరంగా ఆదా అవుతాయి.

ఆ పాత రాతలోని, గీజర్‌కూ ఇదే ప్లగ్ సరిపోతుందన్న వాక్యాన్ని పూర్తిగా తొలగిస్తున్నాను, ఎందుకంటే ప్లగ్ మీద ముద్రించిన ఆంపియర్ల పరిమితిని మించిన ఉపకరణాన్ని దానికి తగిలిస్తే అది వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.