వంటగది మూసేశాం, లవ్

ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్ అనే కొండసీమ ఉంది. పైన చూస్తే గొర్రెలు, రాతి గోడలు, వాన. కింద మాత్రం నేలంతా డొల్ల. సున్నపురాయిని వాననీళ్లు లక్షల ఏళ్లుగా తొలుచుకుంటూ పోయాయి. అక్కడి త్రీ కౌంటీస్ గుహల పొడవు ఎనభై కిలోమీటర్ల పైమాటే. బ్రిటన్ మొత్తంలో అంత పొడవైన గుహ ఇంకోటి లేదు. యార్క్‌షైర్, లాంకషైర్, కంబ్రియా జిల్లాలు మూడింటి కిందా పాకిన ఆ దారులన్నీ ఒకదానికొకటి కలుస్తాయని 2011లో తేల్చారు. చీకట్లో బోర్లా పడుకుని, మెడలోతు నీళ్లలో తాడు పట్టుకుని, అడుగు అడుగూ కొలిచి మ్యాపులు గీసుకున్నారు. ఇంత ఓపికున్న జనం, ఆ గుహలకి సరిగ్గా పైన నేలమీదున్న పబ్బుల్లో వంటగది ఏ వేళకి తెరుస్తారో, ఏ వేళకి మూస్తారో మాత్రం ఇంతవరకూ సర్వే చేసుకోలేదు. శాస్త్రలోకం పట్టించుకోని ఈ విషయం మీద నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. లీడ్స్‌లో ఉద్యోగం. గుహకి వస్తావా అంటే ఆఫీసులో మొహమాటానికి ఒకసారి 'సరే' అన్నాను, ఆ ఒక్క మాటకి ఏడేళ్లుగా శనివారాలు బురదలో గడుస్తున్నాయి. మా ఊరు బెలుం గుహలకి గంట దూరం. అమ్మకి ఫోన్లో ఈ సంగతి చెబితే, "దుడ్లిచ్చి బురదలో దేకేదేమిరా నాయనా? ఈడ మన బెలుంలో నడిచేకి దావ ఉండాది, లైట్లు కూడా పెట్టినారు గదా!" అంది. సమాధానం వెతుకుతున్నాను. ఇక్కడివాళ్లు నిలువుగా దిగే గుహని పాట్‌హోల్ అంటారని చెబుదామనుకుని ఆగిపోయాను. మనకి పాట్‌హోల్ అంటే రోడ్డు మీద గుంట. అందులో పడ్డందుకు మనం కార్పొరేషన్‌ని తిడతాం. వీళ్లు అందులోకి తాడు కట్టుకుని దిగడానికి క్లబ్బులు పెట్టుకున్నారు.

గేపింగ్ గిల్ అని ఒకటుంది. ఇంగిల్‌బరో కొండ మీద పారే వాగు ఉన్నట్టుండి నేలలో పడి మాయమవుతుంది. దాదాపు వంద మీటర్ల లోతు. 1895లో మార్టెల్ అనే ఫ్రెంచి ఆయన తాళ్ల నిచ్చెన మీద మొదటిసారి అడుక్కి దిగాడు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు స్థానిక క్లబ్బులు కప్పీ యంత్రం కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి మామూలు జనాన్ని కూడా దింపుతాయి. దిగడం ఉచితం, పైకి రావడానికే డబ్బులు అని అక్కడ పాత జోకు. మార్టెల్ దిగిన సంగతి పుస్తకాల్లో ఉంది. పైకొచ్చాక ఏం తిన్నాడన్నది నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు. చరిత్రకారుల మీద నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ అయిదు గంటలు గుహలో ఉండి రాలేదని ఘంటాపథంగా చెప్పగలను. లోపల ఎండాకాలమైనా చలికాలమైనా ఎనిమిది తొమ్మిది డిగ్రీలే. పైనుంచి నీళ్లు కారుతుంటాయి. మధ్యాహ్నానికని జేబులో పెట్టుకున్న శాండ్‌విచ్ మన బరువుకి నలిగి అప్పడమై ఉంటుంది. అలా బయటికొచ్చినవాడి ఆకలి చాలా నిర్దిష్టమైనది. దానికి వేడిగా ఉండాలి, ఉప్పగా ఉండాలి, నూనెలో వేగి ఉండాలి, కూర్చోడానికి చోటుండాలి. నాలుగో దాని గురించి ఎవరూ ఆలోచించరు గానీ, అయిదు గంటలు మోకాళ్ల మీద నడిచినవాడికి కుర్చీ కూడా భోజనంలో భాగమే.

నా విషయంలో ఇంకో చిక్కు. నేను శనివారం మాంసం ముట్టను. గుహలు మాత్రం శనివారమే. పల్లెటూరి పబ్బు మెనూలో మొదటి పదకొండు వరసలూ అలా కొట్టుకుపోతాయి. మిగిలేవి చిప్స్ (ఇక్కడ చిప్స్ అంటే లావుగా తరిగి వేయించిన బంగాళదుంప ముక్కలు), ఆ పూట సూప్, చీజ్ ఆనియన్ పై (చీజూ ఉల్లిపాయా లోపల కూరి కాల్చిన పిండివంట), మష్షీ పీస్. చివరిది ఏమిటంటే తాలింపు వెయ్యడం మరిచిపోయిన బఠాణీ పప్పు. నవ్వకండి. గుహలోంచి వచ్చిన రోజు దాన్ని రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

సరే, అసలు సమస్యకి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆయుధాల ఫ్యాక్టరీ కూలీలు తాగి పనికి ఎగనామం పెడుతున్నారని, ఈ దేశంలో మధ్యాహ్నంపూట పబ్బులు మూయించారు. యుద్ధం ముగిసింది. ఇంకో ప్రపంచ యుద్ధం వచ్చి అదీ ముగిసింది. మధ్యాహ్నం మూత మాత్రం 1988 దాకా నడిచింది, ఆదివారాలకైతే 1995 దాకా. ఆ తర్వాత చట్టం పోయింది. ఆ కబురు బార్ దాకా చేరింది గానీ, వెనకున్న వంటగదికి ఇంకా చేరలేదు. రెండున్నరకి పొయ్యి ఆర్పేస్తారు, అయిదున్నరకో ఆరుకో వెలిగిస్తారు. మధ్యలో ఆ మూడు గంటలూ జర్మన్ల మీద యుద్ధం ఇంకా సాగుతున్నట్టే లెక్క.

గుహలోంచి మనుషులు బయటికొచ్చేది సరిగ్గా ఆ మూడు గంటల్లోనే. ఇది కాకతాళీయం అనుకునేవాణ్ణి. కాదు. లెక్క ఉంది. ఇంగ్లీషువాడు పొద్దున బేకన్ రోల్ తినకుండా గుహలోకి దిగడు. ఇంగిల్టన్‌లో తాళ్లూ హెల్మెట్లూ అమ్మే చోటే టీ, చిప్స్ అమ్మే పద్ధతి ఉంది, తెలివైన ఏర్పాటు. అక్కడ అర లీటరు పైన పట్టే మగ్గులో టీ తాగి, ఇవాళ వాన పడుతుందా లేదా అని చర్చించి (పడుతుంది), కదిలేసరికి పది. రోడ్డు పక్కన వానలో బట్టలు మార్చుకుని, కొండ ఎక్కి, గుహ నోటి దగ్గరికి చేరేసరికి పదకొండు. లోపల నాలుగు గంటలు. తిరిగొచ్చేటప్పుడు తాడు ఒకటే, మనుషులు ఆరుగురు. పైకొచ్చినవాడు వణుకుతూ కింద ఉన్నవాణ్ణి తొందరపెడతాడు, కిందున్నవాడు వణుకుతూ పైవాణ్ణి తిడతాడు. మూడూ పది. పబ్బు వంటగది మూసి నలభై నిమిషాలు. కేఫుకి పరిగెడదామంటే అక్కడ నాలుగింటికల్లా కుర్చీలు బల్లల మీదకి ఎక్కించేస్తారు. పొద్దున టిఫిన్ మానేస్తే మధ్యాహ్నం భోజనం దొరుకుతుంది, టిఫిన్ లేనిదే గుహ లేదు. దీనికి పరిష్కారం లేదని మా గుంపు పెద్ద అంటాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

ఒక్కసారి మాత్రం గెలవబోయాం. పేరెందుకులెండి, ఒక కొండ పబ్బు. లోపల ఒక మలుపు తిరక్కుండానే వెనక్కొచ్చి, బట్టలు సగం మార్చి సగం మార్చక, కారులో పడి వెళ్లాం. గోడగడియారం రెండూ ముప్ఫై నాలుగు. కౌంటర్ వెనక పెద్దావిడ మమ్మల్ని తల నుంచి బూట్ల దాకా చూసి, ఎంతో ప్రేమగా, "వంటగది మూసేశాం, లవ్" అంది. యార్క్‌షైర్‌లో అందర్నీ లవ్ అంటారు. ఉరితీసే ముందు కూడా అంటారేమో. వెనక తలుపు సందులోంచి వేడి నూనె వాసన వస్తోంది. ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. మా లెక్కల మాస్టారు ఏమీ మాట్లాడకుండా ఆరు ప్యాకెట్ల క్రిస్ప్స్ (మనం చిప్స్ అనేవి) కొని, ఇక్కడి ఆచారం ప్రకారం ఒక్కోదాన్నీ నిలువునా చీల్చి, బల్ల మధ్య విస్తర్లలా పరిచాడు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. అన్నప్రాశన నుంచి నేటి దాకా నేను చూసిన పంక్తి భోజనాల్లో అంత నిశ్శబ్దమైనది లేదు.

ఇంకో పెద్ద సమస్య, మమ్మల్ని రానిస్తారా అన్నది. 'బురద బూట్లకి, కుక్కలకి స్వాగతం' అని చాలా పబ్బుల ముందు బోర్డుంటుంది. నమ్మకండి. ఆ బోర్డు రాసినవాడి మనసులో ఉన్నది ఆదివారం నడకకొచ్చిన పెద్దమనిషి బూటంచున అంటిన అందమైన బురద. మాది వేరే జాతి. చెవుల్లో ఉంటుంది. కాబట్టి బోర్డు వదిలేసి కుక్కని చూడాలన్నది నా పద్ధతి. తడిసిన కుక్క పొయ్యి ముందు పడుకుని ఉండి, దాని మీద నుంచి అందరూ దాటుకుంటూ పోతున్నారంటే మీకూ చోటుంది. కుక్క పొడిగా, దువ్వి ఉందంటే వెనక్కి తిరగండి. కిందకి చూడండి: రాతి నేలైతే లోపలికి వెళ్లొచ్చు, తివాచీ అయితే బయటి బల్లే గతి. ఒకచోట ఇల్లాలు మేం కూర్చునే లోపలే కుర్చీల మీద పాత పేపర్లు పరిచింది. అవమానం అనుకున్నారు మావాళ్లు. నేను మాత్రం కళ్లు తుడుచుకున్నాను. మమ్మల్ని ఎదురుచూసిన మనిషి అన్నమాట.

అన్నిటికంటే ప్రమాదం బాగుపడ్డ పబ్బు. గోడలకి బూడిదరంగు వేసి, మెనూలో 'చిప్స్' పక్కన మూడు విశేషణాలు చేర్చారంటే అది బాగుపడినట్టు. అలాంటిచోట ఒకసారి చిప్స్ చిన్న రేకు బకెట్లో వచ్చాయి. లెక్కపెట్టాను, తొమ్మిది. మిగతా భోజనం పళ్లెంలో కాదు, పలకరాతి మీద వడ్డించారు. పొద్దుట్నించి రాయి మీద పొట్టతో పాకి, రాయిని కౌగిలించుకుని, రాతికి తల బాదుకుని వచ్చినవాడి ముందు మళ్లీ ఒక రాయి పెట్టి పద్దెనిమిది పౌండ్లు అడిగారు.

మంచివి లేవా అంటే ఉన్నాయి. టాన్ హిల్ ఇన్ అని, 528 మీటర్ల ఎత్తున, బ్రిటన్‌లో అన్నిటికంటే పైనున్న పబ్బు. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫానుకి అరవై మంది దాకా మంచులో అక్కడ మూడు రాత్రులు ఇరుక్కుపోయారు, ఒయాసిస్ అనే రాక్ బృందం పాటలు పాడే బ్యాండుతో సహా. దేశమంతా అయ్యో అంది. పేపర్లో ఆ వార్త చూసి అసూయతో రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. మూడు రాత్రులు! వంటగది గోడకి ఇవతలే!

అయినా నా ఓటు దక్షిణాదికే. సోమర్సెట్‌లో మెండిప్ కొండల మీద, ప్రిడ్డీ ఊరి పక్కన హంటర్స్ లాడ్జ్ అని ఒక పాత పబ్బు. గుహలవాళ్లకి అది కాశీ. దగ్గర్లోనే స్విల్డన్స్ హోల్ అనే గుహ, అందులో 1936లో నీటి అడుగున దారి దాటి మరీ అవతలికి వెళ్లారు. పబ్బులో రాతి నేల, పీపాలోంచి నేరుగా బీరు, మొబైల్ తీయకూడదన్న కట్టడి. ఇవన్నీ ఒక ఎత్తు. ఆ పబ్బు కారు పార్కింగ్ కిందే గుహ ఉండటం ఒక ఎత్తు. నిజం. తవ్వి దిగితే ఎప్పటివో అడవిదున్నల ఎముకలు, రెయిండీర్ ఎముకలు దొరికాయి. అవి అక్కడ ఎలా చేరాయో పండితులు ఏవేవో చెబుతారు. ఆ తలుపు దాకా వచ్చి, వంటగది మూసేశాం అనిపించుకున్నాయని నా సిద్ధాంతం.

మా వైపు హార్టన్ ఊళ్లో ఒకప్పుడు పెనిగెంట్ కేఫ్ ఉండేది. కొండెక్కేవాళ్లు వెళ్లేముందు అక్కడ కార్డు పంచ్ చేసి వెళ్లి, దిగొచ్చాక మళ్లీ పంచ్ చేసేవారు. పంచ్ పడకపోతే మనిషి కోసం వెతుకులాట మొదలయ్యేది. అంటే ప్రాణానికీ టీకీ ఒకే గడియారం. అంతటి నాగరికత మళ్లీ చూడం. ఆ కేఫు మూతపడింది.

ఇప్పుడు ఆ పని ఇళ్లలో జరుగుతోంది. గుహలోకి వెళ్లేవాడు ఎవరో ఒకరికి ఒక టైమ్ చెప్పి వెళ్లాలి, దీన్ని కాలవుట్ అంటారు. ఆ టైమ్ దాటినా ఫోన్ రాకపోతే వాళ్లు రెస్క్యూకి ఫోన్ చేస్తారు. ఇక్కడి కొండల్లో 1935 నుంచీ గుహ రెస్క్యూ దళం ఉంది, అందరూ వలంటీర్లే, అర్ధరాత్రి లేచి వస్తారు. వాళ్ల మీద నేను జోకు వెయ్యను. మా ఇంట్లో కాలవుట్ మా ఆవిడ దగ్గర ఉంటుంది. "ఏడున్నర దాటితే రెస్క్యూకి చెయ్యి" అని ఫ్రిజ్ మీద కాగితం అంటించి వెళ్తాను.

పోయిన నవంబరులో ఆలస్యమైంది. తాడు ముడిపడి, ఒకరి దీపం ఆరిపోయి, కొండ దిగి సిగ్నల్ దొరికేసరికి ఏడూ ఇరవై అయిదు. నా వేళ్లు వంగడం లేదు. గుండె దడదడలాడుతుంటే మెటికలతో నొక్కి ఫోన్ చేశాను.

"బయటికొచ్చేశాం. రెస్క్యూకి గానీ చేశావా?"

"ఇంకా అయిదు నిమిషాలుంది కదండీ. ముందు పబ్బుకి చేశాను. ఎనిమిదింటికి మూసేస్తారట. చీజ్ ఆనియన్ పై ఒక్కటే మిగిలిందట, శనివారం కదా, పక్కన పెట్టమన్నాను. తొందరగా వెళ్లండి."