గోడ మీద గౌరవ స్థానం

ఆడవాళ్లకు న్యాయం ఎలా చేయాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్న వారికి శుభవార్త. ఆ చిక్కుముడిని లండన్ పెద్దమనుషులు 1772 నాటికే విప్పేశారు. ఖర్చు తక్కువ, టెన్షన్ లేదు. రెండు మేకులు, రెండు పటాలు చాలు.

1768లో మూడో జార్జి రాజు అండతో అక్కడ రాయల్ అకాడమీ అని కళాకారుల సంఘం పెట్టారు. వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్లు, ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. అంతవరకు బాగానే ఉంది. తర్వాత సభ్యులందరినీ ఒకే బొమ్మలో చూపించే పని చిత్రకారుడు యోహాన్ జోఫనీ మీద పడింది. ఆయన ఎంచుకున్న చోటేమో మగ మోడల్ బట్టలు విప్పి కూర్చునే గది. అక్కడ ఆడవాళ్లు ఉంటే మర్యాద కాదు, వదిలేస్తే అన్యాయం. ధర్మసంకటం! జోఫనీ గారు ఆలోచించి, ఇద్దరినీ పటాలు కట్టి గోడకు తగిలించారు. మగ సభ్యులు కింద కబుర్లు చెప్పుకుంటుంటే వీళ్లు పైనుంచి చూస్తుంటారు. దండలు వేయలేదు, అంతే నయం.

(మన పల్లెల్లో సర్పంచమ్మ ఫ్లెక్సీ మీద, ఆయనగారు కుర్చీలో ఉండే పద్ధతి మనకు లండన్ వాళ్లు నేర్పింది కాదు. అది మన సొంత తెలివే.)

ఈ ఏర్పాటు ఎంత చక్కగా కుదిరిందంటే, మళ్లీ ఒక ఆడమనిషిని పూర్తి సభ్యురాలిగా ఎన్నుకోవాల్సిన అవసరం 1936 దాకా రాలేదు. మధ్యలో 1860లో ఒక పొరపాటు జరిగింది. 'ఎల్. హెర్‌ఫర్డ్' అని సంతకం ఉన్న బొమ్మలు చూసి అకాడమీ బడిలో సీటిచ్చేశారు. తీరా చూస్తే ఆ 'ఎల్' అంటే లారా! వద్దందామంటే, ఆడవాళ్లు చేరకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. రాసుకోవాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకున్నారు?

ఇక ఇంకో లారా, చిత్రకారిణి లారా నైట్ సంగతి. చదువుకునే రోజుల్లో ఆమెను మోడల్ ఉన్న గదిలోకి రానివ్వలేదు, ప్లాస్టర్ విగ్రహాలు చూసి గీసుకోమన్నారు. ఆమె 1913లో తన బొమ్మ తానే వేసుకుంది. వీపు మనవైపు, ఎదురుగా బట్టల్లేని స్నేహితురాలు, పక్కనే ఆమెను గీస్తున్న కాన్వాసు. రానివ్వని గదిని తనే గీసుకుని అందులో నిలబడిందన్నమాట. అకాడమీ ప్రదర్శనకు వద్దు పొమ్మంది. ఒక పత్రికా విమర్శకుడు అసభ్యమన్నాడు. నిజమే మరి. ఆడదాని ఒళ్లు గోడల నిండా ఉండొచ్చు గానీ, కుంచె మీసాలున్న వాడి చేతిలోనే ఉండాలి.

1936లో పూర్తి సభ్యత్వం దక్కింది ఈ లారా నైట్‌కే. కాకపోతే సభ్యుల వార్షిక విందుకు ఆడవాళ్లను పిలిచింది 1967లో. అప్పటికి ఆవిడకు తొంభై దగ్గరపడ్డాయి. అకాడమీని తప్పుపట్టలేం. పటాలకైతే విస్తరి వేయనక్కర్లేదు.