మద్దెల ఓడే, సందేహం లేదు

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత పుట్టించినవాళ్లు ఆ మద్దెలను ఒక్కసారైనా పరీక్ష చేయించారా? చేయించినట్టు ఎక్కడా ఆధారం లేదు. ఆడినవాడి వాదన వినకుండానే తీర్పు చెప్పేశారు. ముప్పై ఏళ్లుగా వీడియో గేములు ఆడుతూ ఒక్కదాన్నీ పూర్తి చేయని మనిషిగా, దీని మీద మాట్లాడే అర్హత నాకే ఉంది. గెలిచినవాడికి ఆటలో లోపాలు ఎందుకు కనిపిస్తాయి?

ముందుగా కాంట్రా అనే తుపాకుల ఆట. క్యాసెట్ తీసి, ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టిన తరానికి దాని గురించి చెప్పక్కర్లేదు. టైటిల్ రాగానే పై పై, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ అని నొక్కితే మూడు ప్రాణాలకు బదులు ముప్పై వస్తాయి. పదమూడో ఎక్కం రాని వయసులోనే నాకు ఇది కంఠతా వచ్చు. ఏం లాభం? మూడో స్టేజి జలపాతం. రాళ్ల మీద నుంచి రాళ్ల మీదికి దూకుతూ పైకెక్కాలి. ఇద్దరు ఆడుతుంటే ముందు ఎక్కినవాడితో పాటే తెర పైకి జరుగుతుంది. కింద మిగిలినవాడు ఏ శత్రువూ ముట్టుకోకుండానే చస్తాడు. మా తమ్ముడు ఎప్పుడూ ముందే దూకేవాడు. నా ముప్పై ప్రాణాల్లో శత్రువులు తీసినవి తక్కువ, తోడబుట్టినవాడు తీసినవే ఎక్కువ. నేను ఆలోచించి అడుగు వేసే రకం. అలాంటివాడు చేసిన తప్పేమిటో ఆ ఆట తయారుచేసినవాళ్లు ఇప్పటిదాకా చెప్పలేదు.

డక్ హంట్ గురించి ఎక్కువ మాట్లాడను. బాతు తప్పించుకుంటే గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతుంది. టీవీలో దాన్ని ఎంత గురిపెట్టి కాల్చినా ఏమీ కాదు. ఇంట్లో నవ్వేవాళ్లు ఉండగా మళ్లీ ఇదొకటి.

తర్వాత నెట్ సెంటర్ల కాలం. శత్రువుల స్థావరాల్లోకి ఒంటరిగా చొరబడే ఆట, 2000లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. అలారం మోగిందా, సైనికులు పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉంటారు. గంటకు ఇరవై రూపాయలు కట్టి, యాభై నిమిషాలు గోడల చాటున నక్కి నక్కి వెళ్లి, ఆఖరి గేటు దగ్గర చస్తే మళ్లీ మొదటి నుంచి. పదో తరగతిలో తప్పితే కూడా తప్పిన సబ్జెక్టే రాయనిస్తారండీ!

వైస్ సిటీ అనే ఆటలో ఊరంతా రౌడీయిజమే కదా, అక్కడైనా మనకు భవిష్యత్తు ఉంటుందనుకున్నాను. కీబోర్డు మీద ‘పాంజర్’ అని ఇంగ్లీషులో కొడితే ఆకాశం నుంచి ఊడిపడినట్టు యుద్ధ ట్యాంకు వచ్చేది. పోలీసులు, బందూకులు, వాళ్లు ఎంత గట్టిగా వెంటపడుతున్నారో చూపే ఆరు నక్షత్రాలు, అన్నీ భరించాను. చివరికి నన్ను ఆపింది ఒక బొమ్మ హెలికాప్టర్. దానితో నాలుగు బాంబులు మోసుకెళ్లి, కడుతున్న భవనంలో గడువులోగా పెట్టాలి. పెద్ద రౌడీ కావాలనుకునేవాడికి పెట్టాల్సిన పరీక్షేనా ఇది?

ఇక బీజీఎంఐ, అంటే ఫోన్లో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. వందమంది విమానంలోంచి దూకే ఆటలో మనకు ఉండేది ఒక్క ప్రాణం. ఆటకు మాత్రం అలా కాదు. పబ్జీగా 2020 సెప్టెంబర్‌లో నిషేధంతో పోయింది, 2021 జులైలో ఈ పేరుతో లేచింది, 2022 జులైలో మళ్లీ పోయింది, 2023 మేలో మళ్లీ లేచింది. ముప్పై ప్రాణాల కోడ్ ఎవరు నొక్కారో మరి. రక్తాన్ని ఆకుపచ్చగా మార్చడంతో, చచ్చిన బాధ కంటే పుదీనా పచ్చడి ఒలికిపోయిన బాధే ఎక్కువగా ఉంటోంది. అయితే ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఈ ఆటలో వీపుకు తగిలించుకున్న పెనం తూటాలను ఆపుతుంది. మన వంటింటి సామానుకు ఇన్నాళ్లకు దక్కిన గౌరవమది. నాకు తూటాలు ఎప్పుడూ పెనం లేని వైపు నుంచే వస్తాయి, అది వేరే సంగతి.

మొన్న సంక్రాంతికి తమ్ముడు అమెరికా నుంచి కొడుకుతో వచ్చి, అటక మీది పాత వీడియో గేము దించాడు. ముప్పై ప్రాణాలతో మొదలుపెట్టాం. జలపాతం రాగానే వాడు దూకాడు. నేను ఆలోచించాను. పది నిమిషాల్లో నా ప్రాణాలన్నీ అయిపోయాయి. నా రిమోట్‌లో జంప్ బటన్ అరిగిపోయిందని అందరి ముందూ చెప్పాను. తొమ్మిదేళ్ల పిల్లాడు నా చేతిలోంచి దాన్ని తీసుకుని, మళ్లీ ఆట మొదలుపెట్టి, జలపాతం చివరిదాకా ఎక్కి తిరిగి ఇచ్చాడు.

“బాగానే పనిచేస్తోంది పెదనాన్నా!”

మైనర్ సాక్ష్యం చెల్లదు. పైగా వాడు నా రిమోట్‌తో ఒంటరిగా ఆడాడు, పక్కన తమ్ముడు లేడు.